ఒకే ఫైలు, రెండు చేతుల దిద్దుబాట్లు: టెర్మినల్లో కలపడానికి ఏది వాడాలి?

విజయవాడ ఏలూరు రోడ్డు చుట్టుపక్కల పుస్తకాల పని చేసేవాళ్లకి ఈ ఇబ్బంది కొత్త కాదు. టైపైన పాఠం ఒకటే. దాని కాపీ ఒకటి గుంటూరు బ్రాడీపేటలో ఉన్న ప్రూఫ్ రీడర్‌కి వాట్సాప్‌లో వెళ్తుంది, ఇంకోటి ఇక్కడే సూర్యారావుపేటలో ఉన్న రచయితకి వెళ్తుంది. ఇద్దరూ ఎవరి కంప్యూటర్లో వాళ్లు దిద్దుతారు. వారం తిరిగేసరికి రెండు ఫైళ్లు వెనక్కి వస్తాయి. రెండింట్లోనూ పనికొచ్చే కరెక్షన్లే ఉంటాయి కాబట్టి ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పక్కన పడేయడానికి వీల్లేదు. చివరికి ఎవరో ఒకరు రెండు విండోలు పక్కపక్కన తెరిచి, ఒక్కో లైను కళ్లతో వెతుకుతూ చేత్తో ఎక్కించాల్సి వస్తుంది. రెండు వందల పేజీల పుస్తకానికి ఇలా చేస్తే కళ్లు పోతాయి, కరెక్షన్లూ కొన్ని జారిపోతాయి.

ఈ పనిని కమాండ్ లైన్ మీద, అంటే టెర్మినల్ విండోలో కమాండ్లు టైప్ చేసి, చేయడానికి నమ్మకమైన పనిముట్లు దశాబ్దాలుగా ఉన్నాయి. అన్నీ ఉచితం. ఉబుంటు లాంటి లినక్స్‌లో ఫైళ్ల తేడాలు చూపే డిఫ్, దాని కుటుంబంలోవే అయిన డిఫ్3, ఎస్‌డిఫ్ ముందే ఉంటాయి. విండోస్‌లో గిట్ (ఫైళ్లలో జరిగిన మార్పుల చరిత్రని దాచే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేసుకుంటే దాంతో వచ్చే గిట్ బాష్‌లో ఇవన్నీ దొరుకుతాయి. చిక్కల్లా ఏది ఎప్పుడు వాడాలన్నదే. అందుకే ఈ పోలిక.

ముందు రెండు మాటలు. ఇక్కడ చెప్పేదంతా సాదా టెక్స్ట్ ఫైళ్ల గురించి, అంటే యూనికోడ్ తెలుగులో ఉన్నవాటి గురించి. అను ఫాంట్లలో కొట్టిన పేజ్‌మేకర్ ఫైళ్లకీ వర్డ్ డాక్యుమెంట్లకీ ఇవి పనికిరావు. వాటిని ముందు యూనికోడ్ టెక్స్ట్‌గా మార్చుకోవాలి. ఇక కమాండ్లను చదివితే ఎలా వినిపిస్తాయో అలా తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఎక్కడైనా పెద్ద అక్షరం కావాలంటే విడిగా చెబుతాను.

మూలం దాచుకున్నారా?

పనిముట్టు ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే. ఇద్దరికీ పంపిన మొదటి ఫైలు, ఏ దిద్దుబాటూ పడనిది, మీ దగ్గర ఉందా? ఉంటే పని చాలావరకు కంప్యూటరే చేస్తుంది. లేకపోతే ప్రతి తేడా దగ్గరా మీరే కూర్చుని తీర్పు చెప్పాలి.

ఎందుకో చూడండి. గుంటూరు ఫైల్లో ఒక వాక్యం ఉంది, బెజవాడ ఫైల్లో అది లేదు. దాన్ని గుంటూరాయన కొత్తగా చేర్చారా, లేక బెజవాడావిడ అక్కర్లేదని కొట్టేశారా? చేతిలో రెండు ఫైళ్లే ఉంటే ఎంత తెలివైన ప్రోగ్రామ్ అయినా దీనికి జవాబు చెప్పలేదు. మనిషి కూడా ఫోన్ చేసి అడగాల్సిందే. అదే మూలం ఉంటే క్షణంలో తేలిపోతుంది. వాక్యం మూలంలో ఉంటే ఆవిడ కొట్టేసినట్టు, లేకపోతే ఆయన చేర్చినట్టు. మూడు ఫైళ్లతో కలపడానికీ రెండు ఫైళ్లతో కలపడానికీ ఉన్న అసలు తేడా ఇదే.

కాబట్టి ఫైల్ని బయటికి పంపే రోజే దాని కాపీ ఒకటి "మూలం" అన్న పేరుతో విడిగా పెట్టుకోండి, దాన్ని ఇక ముట్టుకోకండి. పెట్టుకోకపోయినా అంత కంగారు అక్కర్లేదు. వాట్సాప్‌లోనో ఈమెయిల్లోనో మీరు పంపిన మెసేజ్‌కి అటాచ్ అయిన ఫైలే మూలం. అది తెరవగలిగితే తీసి దాచుకోండి. "ఫైనల్", "ఫైనల్ 2", "లేటెస్ట్ ఫైనల్" అన్న పేర్లని చూసి ఊహించే కంటే పంపిన మెసేజ్‌నే నమ్మడం మేలు.

మూలం ఉన్నప్పుడు: డిఫ్3, మెర్జ్, గిట్ మెర్జ్-ఫైల్

ఈ మూడూ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. మూలం నుంచి మొదటి ఫైలుకి ఏం మారిందో, మూలం నుంచి రెండో ఫైలుకి ఏం మారిందో విడివిడిగా లెక్కగడతాయి. ఒకరే మార్చిన చోట ఆ మార్పుని తీసుకుంటాయి. ఇద్దరూ ఒకే చోట వేరువేరుగా మార్చి ఉంటే అక్కడ గుర్తులు పెట్టి మీకు వదిలేస్తాయి. దాన్నే కాన్‌ఫ్లిక్ట్ అంటారు. ఫైళ్లు ఇచ్చే వరస కూడా మూడింటికీ ఒకటే: మొదట మనది, నడుమ మూలం, చివర అవతలివాళ్లది. మూలం ఎప్పుడూ మధ్యలో ఉండాలి. ఈ వరస తప్పితే ఎర్రర్ రాదు, ఫలితం మాత్రం తలకిందులవుతుంది.

డిఫ్3 వీటిలో పాతది. 1979లో వచ్చిన యునిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది. ఇప్పుడు లినక్స్‌లో మనం వాడేది గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్లు రాసింది. కమాండ్ ఇలా ఉంటుంది:

డిఫ్3 -ఎం గుంటూరు మూలం బెజవాడ > కలిపినది

హైఫన్ ఎం అంటే తేడాలు చూపించి ఊరుకోకుండా కలిపిన పాఠం ఇవ్వమని. ఫలితం తెర మీదికి వస్తుంది కాబట్టి దాన్ని కొత్త ఫైల్లోకి మళ్లించాలి. మీ మూడు ఫైళ్లకీ ఏమీ కాదు. ఈ జాగ్రత్త నాకు బాగా నచ్చుతుంది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకి ఇంతకంటే సురక్షితమైనది లేదు.

కానీ డిఫ్3కి ఒక పేచీ ఉంది. ఇద్దరూ ఒకే తప్పుని ఒకేలా దిద్దితే, అంటే ఇద్దరూ "వ్యవసాయధారులు" అన్నదాన్ని "వ్యవసాయదారులు" చేస్తే, అక్కడ గొడవేమీ లేదు. అయినా హైఫన్ ఎం ఒక్కటే ఇస్తే డిఫ్3 దానికి కూడా గుర్తులు పెడుతుంది. ప్రూఫుల్లో ఇది ఎంత విసుగో ఆలోచించండి. మంచి ప్రూఫ్ రీడర్లు ఇద్దరు చదివితే సగం తప్పులు ఇద్దరికీ దొరుకుతాయి. ఆ అన్నింటి దగ్గరా ఆగాల్సి వస్తుంది. హైఫన్ క్యాపిటల్ ఈ కూడా కలిపి ఇస్తే ఈ బెడద పోతుంది, నిజమైన కాన్‌ఫ్లిక్టులే మిగులుతాయి. అయితే అప్పుడు గుర్తుల మధ్య మూల వాక్యం కనపడదు, ఇద్దరి వాక్యాలే కనపడతాయి. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి.

మెర్జ్ అన్న కమాండ్ ఆర్‌సీఎస్ అనే పాత వెర్షన్ కంట్రోల్ (ఫైలు పాత రూపాలని దాచిపెట్టే) ప్యాకేజీలో భాగం. 1980ల మొదట్లో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్ తయారుచేశారు. పని డిఫ్3 లాంటిదే, కాకపోతే ఫలితాన్ని మొదటి ఫైలు మీదే రాసేస్తుంది. ఇప్పుడు దాన్ని వెతికి మరీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన అవసరం నాకు కనపడదు. పాత సర్వర్లో ఉంటే వాడుకోండి, లేకపోతే వదిలేయండి.

నేను ఎక్కువమందికి చెప్పేది గిట్ మెర్జ్-ఫైల్. గిట్ అనగానే రిపాజిటరీ, కమిట్లు, బ్రాంచీలు అని చాలామంది భయపడతారు. ఈ ఒక్క కమాండ్‌కి అవేవీ అక్కర్లేదు. ఏ ఫోల్డర్లోనైనా, మామూలు ఫైళ్ల మీద పనిచేస్తుంది.

గిట్ మెర్జ్-ఫైల్ -పి --డిఫ్3 గుంటూరు మూలం బెజవాడ > కలిపినది

ఇందులో హైఫన్ పి మరిచిపోవద్దు. అది లేకపోతే ఇది కూడా మెర్జ్ లాగే మొదటి ఫైలు మీద రాసేస్తుంది, గుంటూరు నుంచి వచ్చిన కాపీ పోతుంది. రెండు హైఫన్ల తరవాత డిఫ్3 అని రాసింది పైన చెప్పిన ప్రోగ్రామ్ కాదు. కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన చోట మూల వాక్యాన్ని కూడా చూపించమని చెప్పే ఆప్షన్ పేరు అది. ఇద్దరూ ఒకేలా దిద్దిన చోట గిట్ అనవసరంగా ఆపదు, నిజంగా ఘర్షణ ఉన్న చోట మూలాన్నీ చూపిస్తుంది. డిఫ్3లో ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి, ఇక్కడ రెండూ దొరుకుతాయి. నేను దీన్ని ముందు పెట్టడానికి కారణం ఇదే.

కాన్‌ఫ్లిక్ట్ ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. టైపింగ్‌లో అంకెలు తారుమారై బ్యారేజి సంవత్సరం తప్పు పడింది. గుంటూరాయన సంవత్సరం సరిచేశారు. బెజవాడావిడ బ్యారేజి పేరు పూర్తిగా ఉండాలని "ప్రకాశం" చేర్చారు. రెండూ ఒకే లైన్లో పడ్డాయి:

<<<<<<< గుంటూరు
కృష్ణానది మీద బ్యారేజి 1957లో పూర్తయింది.
||||||| మూలం
కృష్ణానది మీద బ్యారేజి 1975లో పూర్తయింది.
=======
కృష్ణానది మీద ప్రకాశం బ్యారేజి 1975లో పూర్తయింది.
>>>>>>> బెజవాడ

నడిమి వాక్యం లేకుండా ఇది చూస్తే ఏమనిపిస్తుంది? ఒకరు 1957 అంటున్నారు, ఇంకొకరు 1975 అంటున్నారు, ఎవరిది నిజమో కనుక్కోవాలి అనిపిస్తుంది. మూలం కనపడగానే విషయం తేలిపోతుంది. 1975 అన్నది ఎవరి అభిప్రాయమూ కాదు, పాత తప్పు అలా మిగిలిపోయింది. ఇద్దరి మధ్యా తగాదా లేదు, ఎవరి కరెక్షన్ వాళ్లు చేశారు. "కృష్ణానది మీద ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది" అని రాసి, ఆ గుర్తుల లైన్లు తీసేస్తే అయిపోతుంది. కాన్‌ఫ్లిక్టుల్లో చాలావరకు ఇలాంటివే ఉంటాయి. ఒకరిదే ఎంచుకోవాలనుకుని చూస్తే రెండో మంచి కరెక్షన్ పోతుంది.

అందుకే గిట్ మెర్జ్-ఫైల్లో ఉన్న అవర్స్, థెయిర్స్ ఆప్షన్ల జోలికి ప్రూఫుల విషయంలో వెళ్లొద్దంటాను. ఘర్షణ వచ్చిన ప్రతిచోటా మనదే ఉంచు, లేదా ప్రతిచోటా వాళ్లదే ఉంచు అని అవి కళ్లు మూసుకుని చేసేస్తాయి. పై ఉదాహరణలో ఏది ఎంచుకున్నా ఒక కరెక్షన్ గల్లంతే. యూనియన్ అనే ఇంకో ఆప్షన్ రెండు లైన్లనీ ఒకదాని కింద ఒకటి పెడుతుంది. వచనంలో అది ఒకే వాక్యాన్ని రెండుసార్లు అచ్చు వేయించినట్టే. జాబితాల్లో మాత్రం దానికి పని ఉంది, కింద చెబుతాను.

2022 జనవరిలో వచ్చిన గిట్ 2.35 నుంచి జెడ్‌డిఫ్3 అని ఇంకో ఆప్షన్ ఉంది. ఘర్షణ పడిన భాగం మొదట్లోనూ చివర్లోనూ ఇద్దరూ ఒకేలా మార్చిన లైన్లుంటే వాటిని గుర్తుల బయటికి నెట్టేస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ చిన్నదవుతుంది. పెద్ద పేరాలు తిరగరాసిన ఫైళ్లకి బాగుంటుంది.

అవతలివాళ్లు ఫైలు కాకుండా మార్పులే పంపితే: ప్యాచ్

కొందరు మొత్తం ఫైలు పంపరు, తాము చేసిన మార్పులు మాత్రమే పంపుతారు. డిఫ్ హైఫన్ యు అని కొట్టి, మూలం, దిద్దిన ఫైలు ఆ వరసలో ఇస్తే, ఏ లైను పోయింది, ఏ లైను వచ్చింది అన్నది పక్కన మూడేసి లైన్ల సందర్భంతో సహా వస్తుంది. పుస్తకం చివర వేసే తప్పొప్పుల పట్టిక లాంటిదే అది, కాకపోతే కంప్యూటర్ చదివి తనంతట తానే అమలుచేయగలదు. ఆ అమలుచేసే ప్రోగ్రామే ప్యాచ్. పెర్ల్ భాష తయారుచేసిన ల్యారీ వాల్ 1985లో దీన్ని విడుదల చేశారు.

ప్యాచ్‌కి ఉన్న గొప్ప సుగుణం ఏంటంటే, మార్పుల ఫైల్ని ముందు మనిషి చదవొచ్చు. సంపాదకుడు కూర్చుని ఈ కరెక్షన్ సరే, ఇది వద్దు అని తేల్చుకున్నాకే ఎక్కించొచ్చు. అసలు ఎక్కించే ముందు డ్రై-రన్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి చూడండి. ఏవి పడతాయో ఏవి పడవో చెబుతుంది, ఫైల్ని మాత్రం ముట్టుకోదు. కుదరని మార్పులు రెజ్ అనే తోకతో వేరే ఫైల్లో పడతాయి, వాటిని చేత్తో ఎక్కించాలి. ప్యాచ్ 2.6 నుంచి మెర్జ్ అనే ఆప్షన్ ఉంది. అది ఇస్తే వేరే ఫైల్లో పడేయకుండా, పాఠంలోనే కాన్‌ఫ్లిక్ట్ గుర్తులు పెడుతుంది.

భయపడాల్సింది ఇంకోచోట ఉంది. లైను నంబర్లు మారిపోయి ఉంటే ప్యాచ్ చుట్టుపక్కల వెతికి, సందర్భం కలిసిన చోట మార్పు వేస్తుంది. సందర్భం పూర్తిగా కలవకపోయినా రెండు లైన్ల వరకు పట్టించుకోకుండా సర్దుకుపోతుంది. దీన్నే ఫజ్ అంటారు. మామూలు వచనంలో ఇది మేలే చేస్తుంది. శతకం లాంటి పాఠం తీసుకోండి. ప్రతి పద్యం చివరా ఒకే మకుటం, ఆ తరవాత ఒక ఖాళీ లైను. మార్పు చుట్టూ ఉన్న సందర్భం అన్ని పద్యాల దగ్గరా ఒకేలా కనపడుతుంది. కరెక్షన్ పక్క పద్యంలో పడినా ప్యాచ్‌కి తెలియదు. తెర మీద ఫజ్ అనో ఆఫ్‌సెట్ అనో మాట కనపడితే ఆ చోటుకి వెళ్లి కళ్లతో చూసి తీరాలి. అవతలివాళ్ల పూర్తి ఫైలు అడిగితే ఇచ్చే పరిస్థితి ఉంటే, పద్యాలకీ పట్టికలకీ ప్యాచ్ వద్దు, మూడు ఫైళ్ల పద్ధతికే వెళ్లండి.

మూలం దొరకనే దొరకలేదు: ఎస్‌డిఫ్

ఇక్కడ పెద్దగా ఎంపిక లేదు. ఎస్‌డిఫ్‌కి హైఫన్ ఓ ఇచ్చి, కొత్త ఫైలు పేరు రాసి, రెండు ఫైళ్లూ ఇవ్వండి. ఇద్దరిలోనూ ఒకేలా ఉన్న లైన్లని తనే రాసుకుంటూ పోతుంది. తేడా వచ్చిన ప్రతిచోటా ఆగి శాతం గుర్తు చూపిస్తుంది. ఎల్ కొడితే ఎడమది, ఆర్ కొడితే కుడిది తీసుకుంటుంది. ఈబీ అని కొడితే రెండు లైన్లనీ ఎడిటర్లో తెరుస్తుంది, అక్కడ కలిపి రాసుకోవచ్చు. బ్యారేజి వాక్యం లాంటిదానికి ఈబీయే దిక్కు. తెర వెడల్పు 130 కాలమ్‌లుగా తీసుకుని అందులో సగం ఒక్కో ఫైలుకి ఇస్తుంది కాబట్టి పొడుగు లైన్లు తెర మీద తెగిపోయి కనపడతాయి. హైఫన్ డబ్ల్యూతో వెడల్పు పెంచుకోండి. ఫైల్లో పాఠం తెగదు, చూపించడంలోనే.

విమ్ అనే ఎడిటర్ వాడే అలవాటు ఉన్నవాళ్లకి విమ్‌డిఫ్ ఇంకా హాయిగా ఉంటుంది. విమ్ రానివాళ్లు దీనికోసం నేర్చుకోనక్కర్లేదు. మౌస్‌తో చేసుకోవాలంటే మెల్డ్, కేడిఫ్3 ఉన్నాయి. వాటిల్లో మూడు ఫైళ్లూ ఇవ్వొచ్చు.

పాఠం కాదు, జాబితా అయితే

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర రైతుల పేర్ల జాబితా ఒకటి ఉందనుకోండి. లైనుకొక పేరు, ఊరు. ఇద్దరు గుమాస్తాలు చెరో కాపీలో కొత్త పేర్లు చేర్చారు. ఇక్కడ వరసకి విలువ లేదు. ఇద్దరూ కొత్త పేర్లని ఫైలు అడుగునే రాస్తారు కాబట్టి మూడు ఫైళ్ల పద్ధతిలో అదంతా ఒకే పెద్ద కాన్‌ఫ్లిక్ట్‌గా వస్తుంది. దీనికి రెండు దారులు. ఒకటి, సార్ట్ హైఫన్ యు. రెండు ఫైళ్లనీ కలిపి, వరసబెట్టి, మళ్లీ మళ్లీ వచ్చిన లైన్లని ఒక్కసారే ఉంచుతుంది. రెండోది, పైన చెప్పిన గిట్ యూనియన్.

ఇద్దరూ చేర్చడమే తప్ప ఎవరూ ఏదీ తీసేయలేదంటే సార్ట్ చాలు. తీసివేతలు ఉంటే మాత్రం సార్ట్ మోసం చేస్తుంది. ఒక గుమాస్తా ఖాతా మూసేసిన పేరు కొట్టేశాడు, రెండో కాపీలో అది ఇంకా ఉంది. సార్ట్ హైఫన్ యు ఆ పేరుని మళ్లీ తెచ్చి పెడుతుంది. మళ్లీ అదే ప్రశ్నకి వచ్చాం: మూలం లేకుండా చేర్పు ఏదో తీసివేత ఏదో తెలియదు. గిట్ యూనియన్ మూలాన్ని చూస్తుంది కాబట్టి, ఒక్కరే తీసేసిన పేరు, అది కాన్‌ఫ్లిక్ట్ మధ్యలో పడకపోతే, పోయినట్టే ఉంటుంది. తీసేసినవి ఏవో విడిగా చూడాలంటే కామ్ అనే కమాండ్ ఉంది. మూలాన్నీ గుమాస్తా ఫైల్నీ ముందు సార్ట్ చేసి, కామ్ హైఫన్ 23 కి ఆ వరసలో ఇస్తే, మూలంలో ఉండి గుమాస్తా ఫైల్లో లేని పేర్లు మాత్రమే వస్తాయి. డబ్బుతో ముడిపడిన జాబితా అయితే ఆ పేర్లు ఒక కాగితం మీద తీసి యజమానికి చూపించాకే ముందుకెళ్లాలి.

తెలుగు ఫైళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కులు

ఇంగ్లిష్‌లో రాసిన గైడ్లలో ఇది దొరకదు, మనకి మాత్రం తప్పదు. ఏ పనిముట్టు ఎంచుకున్నా సరే, మూడు ఫైళ్లనీ ఒకే తీరుకి తెచ్చాకే కలపాలి.

మొదటిది లైను చివర. విండోస్ ఎడిటర్లు కొన్ని లైను చివర రెండు కోడ్‌లు పెడతాయి, లినక్స్ ఒకటే పెడుతుంది. ఒక ఫైలు అలా, ఇంకో ఫైలు ఇలా ఉంటే ప్రతి లైనూ మారినట్టే లెక్క. ఫైలంతా కాన్‌ఫ్లిక్ట్‌గా వస్తే ముందు దీన్నే అనుమానించండి. డాస్2యునిక్స్‌ని మూడు ఫైళ్ల మీదా నడిపితే సరిపోతుంది. ఫైలు మొదట్లో కొన్ని ఎడిటర్లు దాచిపెట్టే మూడు బైట్ల బామ్ గుర్తునీ అది తీసేస్తుంది.

రెండోది కంటికి కనపడని తేడాలు. "ఫైల్" అని పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కోడ్ చేరుస్తాయి. మాట మధ్యలో అయితే ఒత్తు పడకుండా ఆపుతుంది కాబట్టి తేడా కనపడుతుంది. మాట చివర ఖాళీ ముందు ఉంటే ఏ తేడా కనపడదు. ఐత్వం కూడా అంతే. "కై"లోని ఐత్వం ఒకే కోడ్‌గా ఉండొచ్చు, ఎత్వానికి కింద ఇంకో గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ ఉండొచ్చు. తెర మీద రెండూ ఒకటే, డిఫ్‌కి మాత్రం రెండూ వేరు. కాన్‌ఫ్లిక్ట్‌లో రెండు వాక్యాలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా కనపడుతున్నాయంటే కారణం ఇలాంటిదే. ఐత్వం సంగతికి ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీతో వచ్చే యూకాన్వ్ కమాండ్‌తో మూడు ఫైళ్లనీ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి, అంటే ఐత్వం ఒకే కోడ్‌గా ఉండే రూపానికి, మార్చండి. మాట చివరి జాయినర్లని సెడ్‌తో (పాఠంలో వెతికి మార్చే కమాండ్) తీసేయండి.

మూడోది అన్నిటికంటే పెద్దది. పైన చెప్పిన పనిముట్లన్నీ లైను లెక్కనే చూస్తాయి. మన టైపింగ్ అలవాటు ప్రకారం పేరా అంతా ఒకే లైను, ఎంటర్ కొట్టేది పేరా చివరే. పది వాక్యాల పేరాలో ఒకరు మొదటి వాక్యంలో కామా పెట్టి, ఇంకొకరు చివరి వాక్యంలో దీర్ఘం దిద్దినా అది కాన్‌ఫ్లిక్టే. దీనికి మందు, కలిపే ముందు వాక్యానికొక లైనుగా విడగొట్టడం. ముందు ప్రతి పేరా తరవాత ఒక ఖాళీ లైను వచ్చేలా చేసుకోండి, ఆ తరవాత సెడ్‌తో ఫుల్‌స్టాపూ ఖాళీ వచ్చిన ప్రతిచోటా లైను విరగ్గొట్టండి. "డా. " దగ్గర, పేర్ల పొడి అక్షరాల దగ్గర కూడా విరుగుతుంది కదా అంటారేమో. మూడు ఫైళ్లలోనూ ఒకే చోట విరుగుతుంది కాబట్టి నష్టం లేదు. కలపడం అయ్యాక ఖాళీ లైన్ల మధ్య ఉన్నవాటిని మళ్లీ పేరాగా అతికించుకోవచ్చు. ఇంత చేసినా పక్కపక్క లైన్లలో మార్పులు పడితే గిట్ దాన్ని ఘర్షణగానే చూపుతుంది. అయినా విడగొట్టక ముందుకీ తరవాతకీ కాన్‌ఫ్లిక్టుల సంఖ్యలో వచ్చే తేడా చూస్తే ఈ శ్రమ ఊరికే పోలేదని మీకే తెలుస్తుంది.

లైన్లు కాకుండా మాటల లెక్కన కలిపే ప్రోగ్రామ్ కూడా ఒకటుంది, నీల్ బ్రౌన్ రాసిన విగుల్. ప్యాచ్ తిరగ్గొట్టిన మార్పులని ఎక్కించడానికి దాన్ని తయారుచేశారు. ప్రోగ్రామ్ కోడ్‌కి వాడుకోండి. పుస్తకాల పాఠానికి నేను సిఫారసు చేయను. మన వాక్యంలో కర్తని బట్టి క్రియ మారుతుంది. ఒకరు "రైతు"ని "రైతులు" చేసి, క్రియ కూడా మార్చి, ఇంకొకరు అదే క్రియని ఇంకో రకంగా మారిస్తే, ఆ వాక్యాన్ని మనిషి ఆగి చూడాలి. అలా ఆగే అవకాశం ఎంత తగ్గితే ప్రూఫులకి అంత చెరుపు.

కలిపాక

ముందు గుర్తులు మిగిలిపోయాయేమో చూడండి. పాఠంలో వెతికే గ్రెప్ కమాండ్‌తో లైను మొదట్లో ఏడు "<" గుర్తులు ఉన్నవాటిని వెతకండి. ఒక్కటి కూడా రాకూడదు. డీటీపీకి వెళ్లాక ఆ గుర్తులు పేజీలో పడితే మళ్లీ మేకప్ చేయాలి. స్క్రిప్ట్ రాసుకునేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. డిఫ్3 అంతా శుభ్రంగా కలిస్తే 0, కాన్‌ఫ్లిక్టులుంటే 1, ఇంకేదైనా ఇబ్బంది అయితే 2 తిరిగిస్తుంది. గిట్ మెర్జ్-ఫైల్ అయితే కాన్‌ఫ్లిక్టుల సంఖ్యనే ఇస్తుంది, 127 దాటితే 127 దగ్గరే ఆగుతుంది.

కాన్‌ఫ్లిక్ట్ ఒక్కటీ రాలేదని నిశ్చింతగా ఉండిపోవద్దు. గుంటూరాయన పుస్తకమంతా "బెజవాడ"ని "విజయవాడ"గా మార్చారు, ఇక్కడావిడ "బెజవాడ" అని ఉన్న కొత్త పేరా ఒకటి చేర్చారు. ఇద్దరూ వేరువేరు చోట్ల మార్చారు కాబట్టి చక్కగా కలిసిపోతుంది, పుస్తకంలో మాత్రం రెండు పేర్లూ ఉంటాయి. ఇలాంటివి ఏ ప్రోగ్రామూ పట్టలేదు. గిట్ డిఫ్‌కి నో-ఇండెక్స్, వర్డ్-డిఫ్ అనే రెండు ఆప్షన్లూ ఇచ్చి మూలాన్నీ కలిపినదాన్నీ పోల్చి చూడండి. ఖాళీల దగ్గర మాటలు విడదీసి ఏ మాట పోయి ఏ మాట వచ్చిందో చూపిస్తుంది, తెలుగుకి ఇది బాగా కుదురుతుంది. మార్పులన్నీ ఒకే ధారలో చదువుకుంటూ పోతే ఇద్దరి చేతుల మధ్య పొసగనివి కంటికి తగులుతాయి.

ఇదంతా ఒక్క రౌండ్ పనికి. రెండో రౌండ్ కరెక్షన్లు వస్తున్నాయంటే లెక్క మారుతుంది. కలిపిన ఫైల్ని ఇద్దరికీ పంపి, వాళ్లు దాని మీదే దిద్దితే అదే కొత్త మూలం. కానీ ఒకరు తమ పాత కాపీ మీదే దిద్దుతూ పోతే, ఆయనకి మూలం వేరు. మీరు కిందటిసారి ఆయన దగ్గర నుంచి తీసుకుని కలిపిన కాపీయే ఈసారి ఆయన మూలం. ముగ్గురు నలుగురు ఇలా తలోచోట ఉంటే ఎవరికి ఏది మూలమో గుర్తుపెట్టుకోవడమే పెద్ద టెన్షన్. అక్కడినుంచి విడి కమాండ్లు వదిలేసి, పూర్తిగా గిట్ రిపాజిటరీ, అంటే ఫైళ్ల ప్రతి దశనీ గిట్ దాచిపెట్టే ఫోల్డర్, పెట్టుకోండి. ఒక్కొక్కరికీ ఒక బ్రాంచి, అంటే వాళ్ల మార్పులు విడిగా నడిచే దారి, తీయండి. ఎవరి ఫైలు వస్తే దాన్ని వాళ్ల బ్రాంచిలో పెట్టి కమిట్ చేసి (అంటే ఆ దశని గిట్‌లో నమోదు చేసి), గిట్ మెర్జ్ అనండి. ఉమ్మడి మూలం ఏదో గిట్ తనే వెతుక్కుంటుంది. ప్రూఫ్ రీడర్లకి గిట్ రానక్కర్లేదు. వాళ్లు ఎప్పటిలాగే వాట్సాప్‌లో పంపుతారు, బ్రాంచిలో పెట్టే పని మీది. ఫైళ్లకి తెలుగు పేర్లు పెట్టుకుంటే గిట్ వాటిని అంకెల గొలుసుగా చూపిస్తుంది. కోర్ డాట్ కోట్‌పాత్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే పేర్లు తెలుగులోనే కనపడతాయి.